క్లార్క్ ఇంటిపేరుకి ఏ టార్టన్? కిల్ట్ ఆర్డర్ ఇచ్చే ముందు ఏం చూసుకోవాలి?

శ్రీలత_కె

నమస్కారం అండీ. మా మామగారిది స్కాట్లాండ్, ఇంటిపేరు క్లార్క్. అత్తగారి పుట్టింటి పేరు మెక్లేన్. వచ్చే ఏడాది మామగారికి 70 నిండుతాయి, బంధువులంతా ఓబన్‌లో కలుస్తున్నారు. ఆ రోజుకి మావారికి కిల్ట్ (నడుం నుంచి మోకాలి దాకా ఉండే కుచ్చిళ్ల దుస్తు), అత్తగారికి శాష్ (భుజం మీద వేసుకునే పట్టీ) వాళ్ల క్లాన్ (వంశ సమూహం) టార్టన్‌తో, అంటే ఆ క్లాన్ పేరున్న గళ్ల నేతతో చేయించి, వాళ్ల వంశం గురించి చిన్న పుస్తకం అచ్చు వేయించాలని ఉంది.

చిక్కు ఎక్కడంటే, ఒక షాపువాళ్లు "క్లార్క్ అంటే కామెరాన్ క్లాన్" అన్నారు. ఇంకో చోట మెక్‌ఫర్సన్ అన్నారు. మూడో చోట క్లాన్ చాటన్. ముగ్గురూ తడుముకోకుండానే చెప్పారు. ఎవరి మాట నమ్మాలి? నా చేతిలో ఉన్నది మామగారి నాన్నగారి జనన ధ్రువపత్రం ఒక్కటే, 1921, డండీ. దీంతో వెనక్కి ఎంత దూరం వెళ్లగలం? బట్ట, కుట్టు విషయంలో మోసపోకుండా ఏం అడగాలి? క్లాన్ ముద్ర ఉన్న పిన్ను కూడా కొనొచ్చా?

---

వంశవృక్షం

టార్టన్ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. షాపువాళ్లు ముగ్గురూ అబద్ధం చెప్పలేదు. క్లార్క్ అనేది వృత్తి నుంచి వచ్చిన పేరు, రాతకోతలు తెలిసినవాడు ఉన్న ప్రతి ఊళ్లోనూ పుట్టింది. ఏ ఇంటిపేరు ఏ క్లాన్ కిందికి వస్తుందో చెప్పే షాపుల పట్టికలు చాలావరకు 19వ శతాబ్దంలో కూర్చినవి. ఒకే పేరు రెండు మూడు క్లాన్ల కింద కనబడటం వాటిలో మామూలే. మీ క్లార్క్‌లు ఏ ప్రాంతం వాళ్లో తెలిస్తేనే ఆ మూడింటిలో ఏదైనా పనికొస్తుంది, లేకపోతే మూడూ పనికిరావు.

చేతిలో ఉన్న పత్రం పూర్తి ప్రతేనా చూడండి. స్కాట్లాండ్‌లో సంక్షిప్త ప్రతి కూడా ఇస్తారు, అందులో తల్లిదండ్రుల పేర్లు ఉండవు. పూర్తి ప్రతిలో తండ్రి వృత్తి, తల్లి పుట్టింటి పేరు, వాళ్లకి పెళ్లి ఏ తేదీన ఏ ఊళ్లో అయిందో కూడా ఉంటుంది. ఆ చివరి గడి బంగారం. ఇంగ్లండ్ జనన పత్రాల్లో అది ఉండదు.

ఇక స్కాట్లాండ్స్‌పీపుల్ అనే ప్రభుత్వ వెబ్‌సైటుకి వెళ్లండి. సూచికలో వెతకడానికి డబ్బు కట్టక్కర్లేదు, అసలు పేజీ బొమ్మ తెరవడానికే కట్టాలి. 30 క్రెడిట్లు 7.50 పౌండ్లు, జనన మరణ వివాహాల పేజీ ఒక్కోటి 6 క్రెడిట్లు, అంటే పౌండున్నర. జననాలకి 100 ఏళ్లు, వివాహాలకి 75, మరణాలకి 50 ఏళ్లు దాటితేనే బొమ్మ ఇంట్లోంచి చూడొచ్చు. అంతకన్నా కొత్తవి కావాలంటే ధ్రువపత్రం తెప్పించుకోవాలి, లేదా ఎడిన్‌బరోలో ప్రిన్సెస్ స్ట్రీట్ మొదట్లో ఉన్న వాళ్ల కేంద్రంలో కూర్చుని చూడాలి. మీ 1921 జననం గడువు దాటేసింది కాబట్టి ఇబ్బంది లేదు.

వరుస ఇలా పెట్టుకోండి. 1921 పత్రంలోని పెళ్లి తేదీ పట్టుకుని ఆ పెళ్లి నమోదు తెరవండి. అందులో వధూవరులిద్దరి తల్లిదండ్రుల పేర్లూ ఉంటాయి, అప్పటికి చనిపోయిన వాళ్ల పక్కన ఆ మాట రాసి ఉంటుంది. ఆ పేర్లతో 1911, 1901, 1891 జనాభా లెక్కలకి వెళ్లండి. పుట్టిన కౌంటీ (జిల్లా లాంటిది), పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) అక్కడ దొరుకుతాయి. మీకు కావలసింది అదే. డండీ జనపనార మిల్లుల పట్నం, పని కోసం చుట్టుపక్కల కౌంటీల నుంచీ ఉత్తరాన కొండప్రాంతమైన హైలాండ్స్ నుంచీ ఐర్లండ్ నుంచీ జనం వచ్చిపడ్డారు. అందుకని 1921లో డండీ అని ఉన్నంత మాత్రాన మూలం డండీ అనుకోకూడదు.

1891 లెక్కల్లో పేజీకి కుడి వైపు గ్యాలిక్ (హైలాండ్స్ భాష) గడి చూడటం మరిచిపోకండి. 'జి' అని ఉంటే గ్యాలిక్ మాత్రమే వచ్చు, 'జి అండ్ ఇ' అని ఉంటే రెండూ వచ్చు, ఖాళీగా ఉంటే ఇంగ్లిష్ ఒక్కటే. క్లార్క్ లాంటి పేరుకి ఈ ఒక్క గడి వంద పట్టికల పెట్టు. తాతకి గ్యాలిక్ వచ్చిందంటే హైలాండ్ మూలం దాదాపు ఖాయం. ఖాళీగా ఉంటే మాత్రం తొందరపడి కొట్టేయకండి, పట్నంలో పుట్టి పెరిగిన రెండో తరానికి భాష పోయి ఉండొచ్చు.

జనన మరణ వివాహాల ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న మొదలైంది. ఆ మొదటి ఏడాది పత్రాలు మిగతా అన్నిటికన్నా నిండుగా ఉంటాయి. జననంలో తల్లిదండ్రుల వయసు, వాళ్లు పుట్టిన ఊరు, అంతకుముందు పుట్టిన పిల్లలు ఎంతమంది, బతికి ఉన్నదెందరు, అన్నీ అడిగారు. రాయలేక గుమస్తాలు మొత్తుకుంటే 1856లో సగం గడులు తీసేశారు. తల్లిదండ్రుల పెళ్లి తేదీ మళ్లీ 1861లో తిరిగొచ్చింది. మీ వాళ్లలో ఎవరైనా, తోబుట్టువులైనా సరే, 1855లో పుట్టినా చచ్చినా పెళ్లాడినా ఆ పేజీ ముందు కొనండి.

మరణ పత్రాల్లోనూ తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి, తల్లి పుట్టింటి పేరుతో సహా. అయితే చెప్పింది చనిపోయినవాళ్లు కాదు కదా! కింద సమాచారం ఇచ్చినవారి సంతకం చూడండి. భార్యో కొడుకో అయితే కొంత నమ్మొచ్చు. అల్లుడో పొరుగింటివాడో అయితే ఆ పేర్లు ఇంకో చోట రుజువయ్యేదాకా పెన్సిల్‌తో రాసుకోండి.

ఎక్కడ తప్పుతుందంటే:

అక్షరాలు. క్లార్క్ చివర 'ఇ' ఉన్నా లేకపోయినా, క్లెర్క్ అని రాసినా అంతా ఒకటే కుటుంబం కావచ్చు. మెక్లేన్‌కి మాక్, మెక్, 'ఎం' మీద చిన్న గీత, ఇన్ని రూపాలు. ఖచ్చితమైన పేరు అనే ఎంపిక వదిలేసి పేరు రూపాంతరాలు అనే ఎంపికతో వెతకండి, లేదా నక్షత్రం గుర్తు పెట్టండి.

ఆడవాళ్ల పేర్లు. స్కాట్లాండ్‌లో పెళ్లయ్యాక కూడా కాగితాల మీద పుట్టింటి పేరు పోదు. మరణాల సూచికలో రెండు పేర్లతోనూ దొరుకుతారు, సమాధి రాళ్ల మీద తరచూ పుట్టింటి పేరే ఉంటుంది.

తండ్రి గడి ఖాళీ. అలాంటప్పుడు పేజీ అంచున దిద్దుబాటు రిజిస్టరు ప్రస్తావన ఉందేమో చూడండి. కోర్టులో తండ్రి ఎవరో తేలితే అక్కడ రాస్తారు. క్లార్క్ అనే పేరు తల్లి నుంచి వచ్చిందని తేలితే క్లాన్ లెక్క మొత్తం మారిపోతుంది.

1855కి ముందు పాత పారిష్ రిజిస్టర్లే గతి. అవి చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్‌వి, రాయించుకోవడం తప్పనిసరి కాదు. 1783 నుంచి 1794 దాకా ఒక్కో నమోదుకి మూడు పెన్నీల పన్ను ఉండేది, ఆ పదేళ్లలో చాలామంది ఎగ్గొట్టారు. 1843లో చర్చి చీలిపోయి ఫ్రీ చర్చి పుట్టినప్పుడు హైలాండ్స్‌లో ఊళ్లకి ఊళ్లే అటు వెళ్లాయి, వాళ్ల పిల్లల బాప్తిస్మాలు పారిష్ పుస్తకంలో ఉండవు. అక్కడ దొరక్కపోతే పుట్టలేదని కాదు, వేరే చర్చి పుస్తకం వెతకాలని.

పిల్లల పేర్లు కూడా దారి చూపిస్తాయి. పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, మూడోవాడికి తండ్రి పేరు. పెద్ద కూతురికి తల్లి తల్లి పేరు, రెండో కూతురికి తండ్రి తల్లి పేరు. ఒకే పారిష్‌లో ఇద్దరు జాన్ క్లార్క్‌లు తగిలితే ఎవరు మీవాడో ఊహించడానికి ఇది పనికొస్తుంది. రుజువుగా మాత్రం వాడకండి.

---

పడుగుపేక

పైన చెప్పింది అక్షరాలా నిజం. టార్టన్ వైపు నుంచి నాలుగు మాటలు.

ఇంటిపేరుకో టార్టన్ అనే పద్ధతి అనుకున్నంత పాతది కాదు. 1746 చట్టం హైలాండ్ దుస్తుల్ని నిషేధించింది, 1782లో ఎత్తేశారు. 1815లో లండన్ హైలాండ్ సొసైటీ క్లాన్ పెద్దల్ని మీ మీ టార్టన్ నమూనాలు ముద్ర వేసి పంపండని అడిగింది. 1822లో రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరో వచ్చినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ నడిపిన సంబరంతో గిరాకీ ఒక్కసారిగా లేచింది. బానక్‌బర్న్‌లోని విల్సన్ నేతశాల 1819 నమూనాల పుస్తకంలో ఈనాటి క్లాన్ టార్టన్లు చాలా ఉన్నాయి. 1842లో వచ్చిన వెస్టియారియం స్కాటికమ్ అనే పుస్తకం పాత రాతప్రతి పేరుతో చేసిన కల్పన అని తేలింది, అయినా అందులోని అల్లికలు కొన్ని ఇప్పటికీ క్లాన్ టార్టన్లుగా చెలామణీలో ఉన్నాయి. ఇదంతా ఎందుకంటే, ఫలానా టార్టన్ కట్టడానికి మీకు హక్కు లేదని ఎవరైనా అంటే కంగారు పడక్కర్లేదు. చట్టం ఏ క్లాన్ టార్టన్‌నీ ఎవరికీ నిషేధించదు. బాల్మోరల్ టార్టన్ ఒక్కటి రాజకుటుంబానిదని అందరూ పాటిస్తారు. పుస్తకంలో మాత్రం "మా పూర్వీకులు వెయ్యేళ్లుగా కట్టిన టార్టన్" అని రాయకండి, తెలిసినవాళ్లు నవ్వుతారు.

షాపులో "కామెరాన్ టార్టన్ ఇవ్వండి" అంటే సరిపోదు. కామెరాన్ క్లాన్, కామెరాన్ ఆఫ్ లొకీల్, కామెరాన్ ఆఫ్ ఎరాక్ట్, మూడూ వేరు. ఎరాక్ట్‌ది 1793లో ఏర్పడిన 79వ రెజిమెంట్‌ది, చూడటానికే వేరుగా ఉంటుంది. మెక్లేన్‌లోనూ అంతే. డూఆర్ట్ మెక్లేన్లది ఎర్రటిది, హంటింగ్ మెక్లేన్ ఆకుపచ్చది, లొక్‌బూయీ వాళ్లు విడిగా ఇంకో క్లాన్, వాళ్ల టార్టన్ కూడా వేరు. అందుకని స్కాటిష్ టార్టన్ల రిజిస్టర్‌లో వెతికి ఆ నమోదు సంఖ్య రాసుకోండి. 2008 చట్టంతో వచ్చింది, 2009 ఫిబ్రవరి నుంచి నడుస్తోంది, వెతకడం ఉచితం. బిల్లు మీద ఆ సంఖ్య రాయించండి.

పోగుల లెక్క చదవడం తెలిస్తే నేతశాలతో మాట్లాడటం తేలిక. ఊరికే ఉదాహరణకి:

నీలం/32 నలుపు 6 నీలం 6 నలుపు 42 ఆకుపచ్చ 46 తెలుపు/8

మొదటి రంగు, చివరి రంగు మలుపులు. అల్లిక అక్కడిదాకా వెళ్లి అద్దంలోలా వెనక్కి తిరుగుతుంది. ఏటవాలు గీత ఉంటే మలుపు దగ్గర మొత్తం పోగులు అవే అని అర్థం. కాబట్టి పూర్తి సెట్ (బట్ట అంతా మళ్లీ మళ్లీ వచ్చే అల్లిక ఒక్క చుట్టు) అంటే మధ్యలోవి 100, రెండుసార్లు 200, మలుపులు 40, మొత్తం 240 పోగులు. పడుగులోనూ పేకలోనూ ఇదే వరుస. కొన్ని పాత పుస్తకాల్లో మలుపు సంఖ్య సగమే రాసి అక్షరాలు లావుగా వేస్తారు. ఆ రెండు పద్ధతులూ కలగలిపేస్తే 240 కాస్తా 280 అవుతుంది. నీలం గడి రెట్టింపై, తెల్ల గీత పట్టీలా లావెక్కి, దూరం నుంచి చూస్తే వేరే టార్టన్ అనుకుంటారు. ప్రత్యేకంగా నేయించుకునేవాళ్లకి ఎక్కువగా తగిలే దెబ్బ ఇదే.

రంగుల పేర్లు ఇంకో ఉచ్చు. మోడరన్ అంటే ముదురు రంగులు, ఏన్షియంట్ అంటే లేత రంగులు, వెదర్డ్ అంటే వెలిసినట్టుండేవి. పోగుల లెక్క మూడింటిలోనూ ఒకటే. ఏన్షియంట్ అని రాసి ఉన్నది పాత టార్టన్ కాదు, చెట్ల రంగుల్ని తలపించే లేత ఛాయ అంతే. కిల్ట్ ఒక నేతశాలది, శాష్ ఇంకో నేతశాలది తీసుకుంటే ఏన్షియంట్ ఆకుపచ్చ రెండు రకాలుగా వస్తుంది, ఫోటోల్లో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఒకే టార్టన్‌లో టై, శాష్, కిల్ట్ కావాలనుకుంటే ఒకే నేతశాల, ఒకే రంగుల తొట్టె, ఒకే ఆర్డరు.

ఇక బట్ట. కిల్ట్‌కి 16 ఔన్సుల ఉన్ని తీసుకోండి. 13 పరవాలేదు, ఎండాకాలం సౌకర్యం కూడా. 10, 11 ఔన్సుల బట్టలో కుచ్చిళ్లు నిలవవు, గాలికి ఎగురుతాయి, కూర్చుని లేస్తే ముడతలు. బరువు మారితే సెట్ కొలత కూడా మారుతుంది. అంగుళానికి 40 పోగులు పడే బట్టలో పై ఉదాహరణ 6 అంగుళాలు, 48 పడే తేలిక బట్టలో 5 అంగుళాలే. అందుకే పిల్లలకి తేలిక బట్ట బాగుంటుంది, సెట్ చిన్నదై ఒంటికి తగ్గట్టు కనబడుతుంది.

ఎనిమిది గజాల కిల్ట్ అంటే బట్ట 8 గజాలు కొనేయకండి! కిల్ట్ బట్ట 54 నుంచి 60 అంగుళాల పన్నాతో వస్తుంది. 4 గజాలు తీసుకుని నిలువుగా రెండుగా చీలుస్తారు, రెండు ముక్కలూ కలిపితే 8 గజాలు. అతుకు ఒక కుచ్చి లోపల దాగిపోతుంది. కింద మడిచి కుట్టరు, నేత అంచే కిల్ట్ కింది అంచు. అందుకని ఆర్డరులో కిల్ట్ అంచు ఉందా అని అడగండి. మెత్తలకీ కర్టెన్లకీ నేసిన టార్టన్‌లో ఆ అంచు శుభ్రంగా ఉండదు.

8 గజాలు ఎందుకో లెక్క చూడండి. సెట్ 7 అంగుళాలు, వెనక 27 కుచ్చిళ్లు, ఒక్కో కుచ్చి ఒక్కో సెట్ తింటుంది: 189 అంగుళాలు. ముందు రెండు పొరలకీ, వాటి పక్క లోతైన మడతలకీ ఇంకో 80 దాకా. మొత్తం 269, అంటే ఏడున్నర గజాలు. సెట్ 9 అంగుళాలైతే ఇదే లెక్క 9 గజాలు చేరుతుంది. అప్పుడు కుట్టేవాళ్లు కుచ్చిళ్లు తగ్గిస్తారు, ఒక్కోటి వెడల్పవుతుంది. నడుస్తుంటే వెనక ఊపు చచ్చిపోతుంది.

కుచ్చిళ్లు రెండు రకాలుగా వేస్తారు. సెట్ ప్రకారం వేస్తే వెనక నుంచి చూసినా టార్టన్ అల్లిక ముందున్నట్టే కనబడుతుంది. గీత ప్రకారం వేస్తే ప్రతి కుచ్చి మధ్యలో ఒకే గీత నిలబడుతుంది, సైన్యం వాళ్ల పద్ధతి. నాకైతే ఎర్ర టార్టన్లకి గీత పద్ధతే అందం, వెనక రంగు ఒకటి ముందు ఇంకోటిలా మారుతుంది. ఇది రుచి సంగతి. కుట్టేవాళ్లకి మీరు చెప్పకపోతే సెట్ ప్రకారమే వేస్తారు.

---

డండీ_రాజు

ఇంత గొడవ ఎందుకండీ. డండీ పేరుతోనే జిల్లా టార్టన్ ఉంది, ఆంగస్‌కీ ఉంది. ఏ క్లాన్ అని ఎవరూ అడగరు, తాత పుట్టిన ఊరిది కాబట్టి అబద్ధమూ కాదు. లేదంటే క్లార్క్‌ల కోసం కొత్త టార్టన్ గీయించి రిజిస్టర్ చేయించండి, 70 పౌండ్లు.

---

పడుగుపేక

జిల్లా టార్టన్ మంచి మాట, నేనూ అదే రెండో ఎంపికగా చెబుదామనుకున్నా. కొత్తది రిజిస్టర్ చేయించడం మాత్రం ఈ పనికి అనవసరం. 70 పౌండ్లు దరఖాస్తు రుసుమే, నేయించే ఖర్చు వేరు. డిజైన్ ఇప్పటికే ఉన్నవాటికి భిన్నంగా ఉండాలి, పోగుల లెక్క, రంగు బొమ్మ, ఆ పేరుతో మీకున్న సంబంధం చూపించాలి. వట్టి "క్లార్క్" అని పేరు పెడతామంటే ఆ పేరున్న వాళ్లందరి తరఫున అడిగినట్టు, ఒప్పుకోవడం కష్టం. పైగా నమోదు చేసినంత మాత్రాన కాపీ హక్కు రాదు. క్లార్క్ పేరుతో టార్టన్ ఇప్పటికే ఒకటి ఉంది, క్లెర్జీ (మతగురువుల) టార్టన్‌కి దగ్గర చుట్టం. అది కూడా పట్టికలో రాసుకోండి శ్రీలత గారూ.

---

ముద్రలవాడు

పిన్ను గురించి ఎవరూ చెప్పలేదు. స్కాట్లాండ్‌లో కుటుంబ చిహ్నం అనేది లేదు. కవచ చిహ్నం (కోట్ ఆఫ్ ఆర్మ్స్) ఒక మనిషి సొత్తు, అతని తర్వాత వారసుడిది. ఎడిన్‌బరోలోని లార్డ్ లయన్ కోర్టు 1672 చట్టం కింద రిజిస్టరు నడుపుతుంది, అనుమతి లేకుండా వాడితే చర్య తీసుకునే అధికారమూ ఉంది. కాబట్టి "క్లార్క్ వంశ కవచం" అని చెక్కపలక మీద అమ్మేది కొనకండి. పుస్తకం అట్ట మీద అసలు వేయకండి, చూసినవాళ్లు లోపలి పేజీలు కూడా నమ్మరు.

మీరు పెట్టుకోదగ్గది క్లాన్ బ్యాడ్జి. క్లాన్ పెద్ద గారి శిఖర చిహ్నం (క్రెస్ట్) చుట్టూ బెల్టు, బకిల్, ఆ బెల్టు మీద ఆయన నినాదం. బెల్టు ఉందంటే "ఈయన అనుచరుణ్ని" అని అర్థం. బెల్టు లేకుండా ఒట్టి చిహ్నం, వెనక మూడు గద్ద ఈకలు పెద్దకి మాత్రమే. శాఖాధిపతికి రెండు, సొంత కవచ చిహ్నం ఉన్నవాళ్లకి ఒకటి. అత్తగారికి డూఆర్ట్ మెక్లేన్ బ్యాడ్జి, అందులో కోట బురుజు ఉంటుంది. మీవారికి ఏ క్లాన్ అని తేలితే అది, కామెరాన్ అయితే బాణాల కట్ట, మెక్‌ఫర్సన్ అయితే పిల్లి. తేలేదాకా కొనకండి.

శాష్ కట్టే తీరుకీ లయన్ కోర్టు ఆమోదించిన సంప్రదాయం ఉంది. మామూలుగా ఆడవాళ్లు కుడి భుజం మీద వేసి అక్కడే బ్రూచ్ పెడతారు. క్లాన్ పెద్దల భార్యలూ రెజిమెంట్ కల్నల్ భార్యలూ ఎడమ భుజం మీద వేస్తారు. వేరే క్లాన్‌లోకి పెళ్లై వెళ్లి పుట్టింటి టార్టన్ కట్టేవాళ్లు కుడి భుజం మీద పిన్ను పెట్టి, కొసలు ఎడమ నడుం దగ్గర పెద్ద విల్లుముడిగా కడతారు. మీ అత్తగారిది ఈ మూడోదే. ముడికి పొడవు కావాలి, కొనేటప్పుడు ఆ సంగతి చెప్పండి, పొట్టి శాష్‌తో ముడి పడదు.

---

శ్రీలత_కె

అందరికీ ధన్యవాదాలు. వంశవృక్షం గారు చెప్పిన వరుసలోనే వెళ్లాను. 1921 పత్రంలో పెళ్లి తేదీ దొరికింది, ఆ పెళ్లి నమోదులో వరుడి తండ్రి పేరు అలెగ్జాండర్ క్లార్క్. 1891 లెక్కల్లో డండీలో ఉన్నాడు, వయసు 35, పుట్టింది ఇన్వర్నెస్‌షైర్, కిన్‌యూసీ అని ఉంది. చివరి గడిలో 'జి అండ్ ఇ'! ఇప్పుడు దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? మావారి కిల్ట్ కొలతలు ఎలా తీసుకోవాలో కూడా చెప్పండి, ప్యాంటు సైజు 36.

---

వంశవృక్షం

చాలా మంచి చోట ఆగారు. 1891 లెక్క ఏప్రిల్ మొదట్లో తీశారు. వయసు 35 నిజమైతే పుట్టింది 1855 ఏప్రిల్, 1856 ఏప్రిల్ మధ్య. 1855 జననాల్లో కిన్‌యూసీ పారిష్ వెతకండి, రెండేళ్లు అటూ ఇటూ పెట్టండి, వయసులు గుండుగుత్తగా చెప్పడం అప్పట్లో మామూలే. 1855లోనే దొరికితే అదృష్టం, తల్లిదండ్రుల వయసు, పుట్టిన ఊళ్లు అన్నీ ఒకే పేజీలో వస్తాయి.

అదే పేరున్నవాళ్లు ఇద్దరు తగిలితే డండీలో అలెగ్జాండర్ మరణ నమోదు తెరిచి తల్లి పుట్టింటి పేరుతో సరిచూడండి. ఆ పేరు కలిస్తేనే మీవాడు.

కిన్‌యూసీ బాడెనక్ ప్రాంతం. మెక్‌ఫర్సన్‌ల నేల, వాళ్లు క్లాన్ చాటన్ కూటమిలో వాళ్లు. కాబట్టి కామెరాన్ మాట పక్కకి పోయింది, మిగతా రెండు షాపులవాళ్లు చెప్పింది ఒకే దిక్కు చూపిస్తోంది. ఇది రక్తసంబంధానికి రుజువు కాదు. భూమి ఇచ్చినవాడి పేరో, కాపాడినవాడి పేరో పెట్టుకోవడం హైలాండ్స్‌లో మామూలు. మెక్‌గ్రెగర్ పేరునే 1603లో నిషేధిస్తే ఆ జనం గ్రాంట్లూ డ్రమండ్లూ స్టీవర్ట్‌లూ అయ్యారు, 1774లో గానీ ఆ నిషేధం పూర్తిగా తొలగలేదు. పుస్తకంలో "బాడెనక్ క్లార్క్‌లు, మెక్‌ఫర్సన్‌ల అనుబంధం" అని రాయండి, "మెక్‌ఫర్సన్ సంతతి" అని రాయకండి. మామగారు ఒప్పుకుంటే వై డీఎన్‌ఏ పరీక్ష మగ వరసని సరిచూడటానికి పనికొస్తుంది. 37 గుర్తుల పరీక్షతో ఎవరు దగ్గరి చుట్టమో ఎవరు దూరపు చుట్టమో తేలదు, ఇంకా లోతైనది కావాలి. పుట్టినరోజు లోపల ఆ తొందర ఏమీ లేదు.

పుస్తకానికి ఒక ఉపాయం. జనన పత్రంలో పొలమో పల్లెపేరో ఉంటుంది. స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైటులో మైలుకి ఆరంగుళాల లెక్కన గీసిన పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ భూసర్వే) పటాలు ఉచితంగా చూడొచ్చు. ఈనాటి ఉపగ్రహ చిత్రం మీద పరిచినట్టు కూడా చూపిస్తుంది. ఇల్లు కూలిపోయినా గోడల గుర్తులు చాలాచోట్ల కనబడతాయి. న్యూటన్‌మోర్‌లో మెక్‌ఫర్సన్ మ్యూజియం ఉంది, కిన్‌యూసీకి పక్క ఊరే. ఆగస్టు మొదటి వారాంతంలో క్లాన్ వాళ్లు అక్కడ కలుస్తారు, హైలాండ్ క్రీడలూ అప్పుడే. ఓబన్ నుంచి మల్ ద్వీపం క్రెగ్‌న్యూర్‌కి పడవ ఉంది కాబట్టి అత్తగారి వైపు డూఆర్ట్ కోట అదే ప్రయాణంలో చూడొచ్చు. 1911లో సర్ ఫిట్జ్‌రాయ్ మెక్లేన్ శిథిలాన్ని కొని బాగు చేయించిన కోట అది.

---

పడుగుపేక

ప్యాంటు సైజు చెప్పి ఆర్డరు ఇస్తే కిల్ట్ తప్పకుండా పాడవుతుంది. ప్యాంటు తుంటి మీద కూర్చుంటుంది, కిల్ట్ బొడ్డు ఎత్తున కూర్చుంటుంది. టేపు చర్మం మీద కాదు, చొక్కా మీద పెట్టండి, బిగించకండి, వేలు పట్టేంత వదులు. తుంటి కొలత పిరుదులు ఎక్కువ ఉబ్బిన చోట, పాదాలు దగ్గరగా పెట్టి. పొడవు నడుం టేపు నుంచి మోకాలి చిప్ప మధ్యదాకా, నిటారుగా నిలబడి ఎదురుగా చూస్తుండగా ఇంకొకరు కొలవాలి. తనే వంగి చూసుకుంటే అంగుళం తేడా వస్తుంది. సరిచూడటానికి మోకాళ్ల మీద కూర్చోబెట్టండి, కింది అంచు నేలకి అంగుళం ఎత్తులో ఉంటే సరి. పిక్క దాకా జారితే స్కర్టులా కనబడుతుంది.

మెక్‌ఫర్సన్ అని తేలితే మళ్లీ పాత పాఠమే, ఎర్రటిది, హంటింగ్, తెలుపు ఎక్కువుండే డ్రెస్, ఏది కావాలో నమోదు సంఖ్యతో చెప్పండి. డ్రెస్ రకం మామగారి వయసు వాళ్ల వేడుకకి కాస్త ఎక్కువైపోతుందని నా అభిప్రాయం, హంటింగ్ ఎక్కడైనా సరిపోతుంది. చేత్తో కుట్టేవాళ్ల దగ్గర వరుస పొడవుగా ఉంటుంది, బట్ట నేయించాల్సి వస్తే ఇంకా ఆలస్యం. ఇప్పుడే మాట్లాడుకోండి.

వచ్చాక: కిల్ట్ పిన్ను పై పొరకి మాత్రమే, కుడి కింది మూల దగ్గర. రెండు పొరలూ కలిపి గుచ్చితే కూర్చున్నప్పుడు బట్ట చిరుగుతుంది, నడుస్తుంటే ముందు భాగం మెలిపడుతుంది. మగవాళ్ల కిల్ట్ కుడి వైపు తెరుచుకుంటుంది. ఇస్త్రీ చేసేముందు కుచ్చిళ్లని పెద్ద కుట్లతో పట్టి ఉంచి, తడిగుడ్డ పరిచి అదమండి, ఇస్త్రీపెట్టె అటూ ఇటూ జరపకండి. మేజోడులో పెట్టుకునే చిన్న కత్తి, స్కియన్ డూ, జాతీయ దుస్తుల్లో భాగంగా చట్టం ఒప్పుకుంటుంది, విమానంలో మాత్రం చేతిసంచిలో పెట్టకండి, చెక్-ఇన్ సామాన్లో వేయండి.